ఎండకి క్రీమ్ రాయాలా, గొడుగు చాలా? మన రంగు వాళ్ళకి చర్మ కాన్సర్ వస్తుందా?

ఉప్పల్ సివిల్ | ఏప్రిల్ 12, రాత్రి 9:14

అందరికీ నమస్తే. నేను సైట్ ఇంజినీర్‌ని. నార్సింగి, కోకాపేట వైపు టవర్లు లేస్తున్నాయి కదా, అక్కడే పని. పొద్దున ఎనిమిదింటికి హెల్మెట్ పెడితే సాయంత్రమే తీసేది. ముఖం, ముంజేతులు నల్లబడ్డాయి, దానికి బాధ లేదు. కానీ ఈసారి మార్చి నుంచి మెడ మీద, చేతుల మీద ఒకటే దురద, ఎర్రగా దద్దుర్లు. మా అక్క ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ కొనిచ్చి, రోజూ రాయకపోతే స్కిన్ కాన్సర్ వస్తుందని భయపెట్టింది. నాన్న ఆ ట్యూబ్ మీద ధర చూసి, దీంతో పది కిలోల బియ్యం వస్తాయి, మీ తాత ఏం రాసుకున్నాడురా అన్నారు.

అడిగేది రెండే. మన రంగు వాళ్ళకి చర్మ కాన్సర్ నిజంగా వస్తుందా? రోజంతా చెమటలో తడిసే నాలాంటి వాడికి ఈ క్రీమ్ పనిచేస్తుందా?

బైక్ మీద బతుకు | ఏప్రిల్ 12, రాత్రి 9:40

అన్నా, నేను డెలివరీ చేస్తా. అమీర్‌పేట నుంచి మాదాపూర్ దాకా నా రాజ్యం. క్రీమ్ రాస్తే పావుగంటలో చెమటతో కలిసి కళ్ళలోకి కారి మంట. మానేశా. సిగ్నళ్ళ దగ్గర అమ్మే చేతి స్లీవ్స్, మెడ చుట్టూ రుమాలు, అంతే. రెండు గంటలకోసారి మళ్ళీ రాయమంటారు. ఆర్డర్ లేటయితే వాళ్ళు రాస్తారు నాకు రేటింగ్.

పింఛనుదారు | ఏప్రిల్ 13, ఉదయం 6:05

నాయనా, మీ నాన్న చెప్పిందే నిజం. మా తండ్రిగారు నల్గొండ జిల్లాలో నలభై ఏళ్ళు వ్యవసాయం చేశారు. ఏ క్రీమూ ఎరగరు. ఎనభై దాటాక వయసు మీద పడి పోయారు, చర్మ రోగంతో కాదు. తెల్లవాళ్ళ జబ్బుకి తెల్లవాళ్ళు కనిపెట్టిన మందు మనకి అంటగడుతున్నారు. డి విటమిన్ లేదని సగం ఊరు మాత్రలు మింగుతుంటే, ఎండలోకి పోవద్దని ఇంకో సగం చెబుతోంది. ఎవరి మాట వినాలి?

చర్మం డాక్టరమ్మ | ఏప్రిల్ 13, మధ్యాహ్నం 2:30

ఓపీ అయ్యాక రాస్తున్నాను, కాస్త పొడుగు అవుతుంది.

ముందు ఒక గందరగోళం తీసేద్దాం. వేడి వేరు, అతినీలలోహిత కిరణాలు వేరు. చర్మాన్ని పాడుచేసేది ఈ రెండోది, దాన్ని మనం యూవీ అంటాం. అది కంటికి కనబడదు, ఒంటికి వేడిగా తగలదు. హైదరాబాద్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది, నెలని బట్టి, 12:00, 12:30 మధ్య. యూవీ అప్పుడే గరిష్ఠం. థర్మామీటర్ గరిష్ఠానికి చేరేది మూడు, నాలుగింటికి. అందుకే మనవాళ్ళు మూడింటికి బయటికి రావడానికి భయపడతారు, పదకొండుకి కూరగాయలకి హాయిగా వెళ్ళొస్తారు. చర్మం సంగతి చూస్తే పదకొండే ఎక్కువ చెరుపు.

మన ఊరు 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏటా రెండుసార్లు, మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి, నిటారుగా నిలబెట్టిన కర్రకి నీడే పడదు. కిరణాలు అంత నిట్టనిలువుగా దిగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూవీ సూచిక ప్రకారం 3 దాటితే జాగ్రత్త పడాలి, 8 దాటితే చాలా ఎక్కువ, 11 దాటితే తీవ్రం. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో మనకి 11 దాటడం మామూలే. డిసెంబర్ మధ్యాహ్నం చలిగాలిలో కూడా 6, 7 ఉంటుంది. ఫోన్లో వాతావరణం యాప్ తెరిస్తే ఉష్ణోగ్రత కింద ఈ అంకె కనిపిస్తుంది, చూడండి. ఫోన్ లేకపోతే నీడ చూసుకోండి. మీ నీడ మీకన్నా పొట్టిగా ఉందంటే యూవీ ఎక్కువగా ఉన్నట్టే.

ఇక కాన్సర్. పింఛనుదారు గారు అన్నదాంట్లో సగం నిజం. మన చర్మంలో రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ, అది కొంత కాపు కాస్తుంది. చర్మ కాన్సర్లలో బాగా ప్రమాదకరమైన మెలనోమా అనే రకం మన దేశంలో ఏడాదికి లక్ష మందిలో ఒకరికన్నా తక్కువ మందికే వస్తుంది. ఇది బాగా ఎక్కువగా ఉన్న ఆస్ట్రేలియా లెక్కలు చూసి మనం వణకనక్కర్లేదు. అయితే తక్కువ వస్తుంది అంటే అసలు రాదని కాదు. మనకి వచ్చే రకాలు, వచ్చే చోట్లు కూడా వేరు. దాని గురించి విడిగా రాస్తాను.

ఉప్పల్ సివిల్ గారూ, ఆ దద్దుర్లు కనురెప్పల మీద, చెవుల వెనక, గడ్డం కింద కూడా ఉన్నాయా? మీ సైట్ చుట్టూ ఖాళీ ప్లాట్లలో ఏం మొక్కలున్నాయి? ఈ రెండూ చెప్పండి.

గొంగడి | ఏప్రిల్ 13, సాయంత్రం 4:10

పెద్దాయన గారూ, మీ నాన్నగారి గురించే ఒక మాట. మాదీ పల్లెటూరే. మా తాత కోడి కూయకముందే నాగలి కట్టేవాడు. పొద్దు పైకి రాగానే ఎడ్లు విప్పి చెట్టు కిందికి. మళ్ళీ పొలంలోకి దిగేది పొద్దు వాలాకే. నెత్తికి మెడ కప్పేలా ఇంత మందాన రుమాలు. గొర్లు కాసేవాళ్ళకి భుజం మీద గొంగడి. ఆడవాళ్ళు నాట్లేస్తే నెత్తిమీద కొంగు, చేతులకి పాత చొక్కా. క్రీమ్ లేదన్నది నిజమే, కానీ ఏ రక్షణా లేదనడం తప్పు. ఇప్పుడు మనం అదే ఎండలో అర చేతుల టీషర్టు, బోడి నెత్తితో తిరుగుతున్నాం, తాత పేరు చెప్పుకుంటూ.

చర్మం డాక్టరమ్మ | ఏప్రిల్ 13, సాయంత్రం 4:32

గొంగడి గారు నా పని తగ్గించారు. నన్నడిగితే మొదట టైము, తర్వాత నీడ, తర్వాత బట్ట. క్రీమ్ నాలుగోది. ఈ మూడూ కప్పలేని చోటికి, అంటే ముఖానికి, మెడకి, చేతి వేళ్ళకి, క్రీమ్.

ఫార్మా పిల్ల | ఏప్రిల్ 13, రాత్రి 8:20

మేడమ్, నాలుగోది అంటే జనం ఐదో రోజు మానేస్తారు! సిటీలో టైము మన చేతిలో ఎక్కడుంది? కాలేజీ పిల్ల మధ్యాహ్నం పన్నెండింటికి కోఠిలో బస్సు కోసం నిలబడాల్సిందే. నేను కాస్మెటిక్ ఫార్ములేషన్‌లో పనిచేస్తాను, అందుకని క్రీమ్ తరఫున వకాల్తా.

మన చర్మానికి తగిలే యూవీలో ఎ, బి అని రెండు రకాలు. ఎస్‌పీఎఫ్ అంకె ముఖ్యంగా చర్మాన్ని కాల్చే యూవీ-బి గురించి చెబుతుంది. 15 అయితే 93 శాతం ఆపుతుంది, 30 అయితే 97, 50 అయితే 98. అంటే 30కీ 50కీ మధ్య ఒక్క శాతమే తేడా, ధరలో తేడా మాత్రం మీకు తెలుసు. యూవీ-ఎ చర్మంలోకి ఇంకా లోతుగా దిగి ముడతలు, మచ్చలు తెస్తుంది. దానికి పీఏ అని రాసి పక్కన ప్లస్ గుర్తులు పెడతారు. ఆ పద్ధతి జపాన్ వాళ్ళది. నాలుగు ప్లస్‌లు ఎక్కువ రక్షణ. కాబట్టి 30 లేదా 50, పీఏ పక్కన మూడో నాలుగో ప్లస్‌లు ఉంటే సరిపోతుంది. 100 అని రాసినవాటికి ఎగబడక్కర్లేదు.

కానీ ఆ అంకెలన్నీ చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు రాసి కొలిచినవి. మనవాళ్ళు శనగగింజంత తీసుకుని ముఖమంతా లాగుతారు. అప్పుడు 50 అని రాసున్నా మీకు అందేది అందులో చిన్న వాటానే. చూపుడువేలు, నడిమివేలు పొడుగునా రెండు గీతలు పిండితే ముఖానికి, మెడకి సరిపడా వస్తుంది. బయటికి వెళ్ళే పదిహేను, ఇరవై నిమిషాల ముందు రాయాలి. ట్యూబ్‌ని స్కూటీ డిక్కీలో పడెయ్యొద్దు. మే నెలలో ఆ వేడికి క్రీమ్ విడిపోతుంది, నీళ్ళలా కారిందంటే పారెయ్యండి.

బైక్ అన్నకి: నుదుటి మీద మామూలు క్రీమ్ కాకుండా స్టిక్ రూపంలో వచ్చేది రాస్తే కళ్ళలోకి తక్కువ కారుతుంది. జింక్ ఆక్సైడ్ ఉన్నవి కంటికి అంత మంట పుట్టించవు, కాకపోతే తెల్లగా కనిపిస్తాయి.

బైక్ మీద బతుకు | ఏప్రిల్ 13, రాత్రి 8:41

విబూది పూసుకున్నాడని అనుకుంటారులే, పర్లేదు.

మెల్‌బోర్న్ మల్లి | ఏప్రిల్ 14, ఉదయం 5:50

మాది దిల్‌సుఖ్‌నగర్, ఇప్పుడు ఆస్ట్రేలియాలో ఉంటున్నాం. ఇక్కడ స్కూళ్ళలో టోపీ లేకపోతే పిల్లల్ని గ్రౌండ్‌లో ఆడనివ్వరు, నీడలో కూర్చోబెడతారు. 1981 నుంచి చొక్కా వేసుకో, క్రీమ్ రాసుకో, టోపీ పెట్టుకో అని పాట కట్టి మరీ ప్రచారం చేశారు. చర్మాన్ని కావాలని నల్లబరిచే సోలారియం దుకాణాల్ని మూసేశారు. ఇక్కడి తెల్లవాళ్ళకి అది ప్రాణావసరం. మా పిల్లలకి అంత ముప్పు లేదని ఇక్కడి డాక్టరే చెప్పారు, అయినా టోపీ అలవాటు బాగుందని ఉంచాం. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు పరేడ్ గ్రౌండ్స్‌లో గాలిపటాల పండక్కి వెళ్ళాం. అన్ని వేలమందిలో టోపీ లేని పిల్లలు ఎంతమంది ఉన్నారో! రోజంతా ఆకాశంలోకే చూస్తూ నిలబడ్డారు పాపం.

ఉప్పల్ సివిల్ | ఏప్రిల్ 14, ఉదయం 7:30

డాక్టర్ గారూ, అద్దంలో చూసుకున్నాను. కనురెప్పలు ఉబ్బి ఉన్నాయి. చెవుల వెనక, మెడ మడతల్లో కూడా ఉంది. సైట్ చుట్టూ ఖాళీ ప్లాట్ల నిండా తెల్ల పూల మొక్కలే. కూలీలు వయ్యారిభామ అంటారు.

చర్మం డాక్టరమ్మ | ఏప్రిల్ 14, మధ్యాహ్నం 2:45

అదే నా అనుమానం. వట్టి ఎండ వల్ల వచ్చే దద్దుర్లయితే నీడ పడే చోట్లని వదిలేస్తాయి. గడ్డం కింద, చెవుల వెనక, పై కనురెప్ప మీద సాధారణంగా రావు. వేసవి మొదట్లో ముంజేతుల మీద, మెడ వెనక వచ్చి కొన్నాళ్ళకి తగ్గిపోయే రకం ఒకటుంది, చాలామంది దాన్ని చెమటకాయలనుకుంటారు. మీది అలా లేదు. వయ్యారిభామ మొక్క నుంచి రేగే పొడి గాలిలో కలిసి ముఖం మీద పడి, మడతల్లో చేరి ఎలర్జీ తెస్తుంది. ఏళ్ళ తరబడి అలాగే వదిలేస్తే, తర్వాత ఎండ కూడా పడకుండా పోతుంది. ప్యాచ్ టెస్ట్‌తో తేలుతుంది. వీపు మీద చిన్న పట్టీలు అంటించి రెండు రోజులయ్యాక చూస్తారు. ఉస్మానియా, గాంధీ లాంటి పెద్దాసుపత్రుల చర్మ విభాగంలో చూపించుకోండి. ఈలోపు సైట్ నుంచి రాగానే స్నానం, బట్టలు మార్చడం. మొక్కని చేత్తో పీకొద్దు. మెడికల్ షాపులో అడిగి ఏదో ట్యూబ్ తెచ్చుకోవద్దు, దయచేసి.

అమీర్‌పేట హాస్టల్ | ఏప్రిల్ 14, సాయంత్రం 6:15

మెడికల్ షాపు ట్యూబ్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. మా రూమ్మేట్‌కి ఓ షాపులో తెల్లబడతావని ఒక క్రీమ్ ఇచ్చారు. మొదటి నెల మెరిసిపోయింది. తర్వాత ఎండలోకి అడుగు పెడితే ముఖం కాలినట్టు ఎర్రబడుతోంది, బుగ్గల మీద సన్నని ఎర్ర గీతలు, గడ్డం మీద వెంట్రుకలు. మానేస్తే ఇంకా ఎక్కువవుతోంది.

చర్మం డాక్టరమ్మ | ఏప్రిల్ 14, రాత్రి 9:00

అది స్టెరాయిడ్ క్రీమ్. చర్మాన్ని పలచబరుస్తుంది, ఎండకి తట్టుకోలేని స్థితికి తెస్తుంది. 2018లోనే కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ పూతల్ని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. అయినా అమ్ముతున్నారు. ఒక్కసారిగా ఆపితే మంట తిరగబడుతుంది కాబట్టి ఆమెని చర్మ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు తల్లీ, సొంతంగా ఏమీ చెయ్యొద్దు. రోజూ నా ఓపీలో ఎండ వల్ల పాడైన ముఖాల కన్నా ఈ ట్యూబుల వల్ల పాడైన ముఖాలే ఎక్కువ. తెల్లబడాలన్న ఈ ఆశ మీద నాకున్న కోపం ఇక్కడ రాస్తే అడ్మిన్ తీసేస్తారు.

కొత్తపేట అమ్మ | ఏప్రిల్ 15, ఉదయం 11:20

మేడమ్, రెండో కాన్పు తర్వాత నాకు బుగ్గల మీద మంగు మచ్చలు వచ్చాయి. సన్‌స్క్రీన్ రాస్తూనే ఉన్నా తగ్గట్లేదు. నిమ్మరసం, తేనె కలిపి రాసుకుని ఎండలో ఆరబెట్టుకోమని యూట్యూబ్‌లో చూశా. చెయ్యొచ్చా?

చర్మం డాక్టరమ్మ | ఏప్రిల్ 15, మధ్యాహ్నం 2:20

నిమ్మరసంతో ఎండలోకి అస్సలు వద్దు. నిమ్మజాతి రసాల్లోని పదార్థాలు యూవీ తగిలితే చర్మాన్ని కాలుస్తాయి. బొబ్బలొచ్చి, తగ్గాక నెలల తరబడి నల్లమచ్చ మిగులుతుంది. షర్బత్ బండి దగ్గర నిమ్మకాయలు పిండేవాళ్ళ చేతుల మీద ఈ మచ్చలు నేను చూశాను.

మంగుకి మామూలు సన్‌స్క్రీన్ చాలకపోవడానికి కారణం ఉంది. అది యూవీకే కాదు, కంటికి కనిపించే వెలుతురుకి కూడా ముదురుతుంది. అందుకని ఐరన్ ఆక్సైడ్ కలిపిన, చర్మం రంగులో ఉండే టింటెడ్ సన్‌స్క్రీన్ వాడండి. ఓపిక కావాలి, నెలలు పడుతుంది.

ఓఆర్ఆర్ డ్రైవర్ | ఏప్రిల్ 15, రాత్రి 10:05

నా కుడిచెయ్యి ఎడమచేతి కన్నా నల్లగా ఉంటుంది. రోజూ ఎల్బీ నగర్ నుంచి గచ్చిబౌలి, కారు అద్దాలు ఎత్తే ఉంటాయి, ఏసీ. మరి ఇదెలా?

ఫార్మా పిల్ల | ఏప్రిల్ 15, రాత్రి 10:30

మామూలు అద్దం యూవీ-బిని ఆపుతుంది, యూవీ-ఎని చాలావరకు వదిలేస్తుంది. ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ పొరతో చేసింది, అది రెండింటినీ ఆపుతుంది. పక్క కిటికీలు చాలా కార్లలో అలా ఉండవు. మీ కుడిచెయ్యి కిటికీ వైపు కదా.

ఓఆర్ఆర్ డ్రైవర్ | ఏప్రిల్ 15, రాత్రి 10:38

నల్ల ఫిల్మ్ వేయిద్దామంటే చలానా. 2012లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు చౌరస్తాల్లో పోలీసులే దగ్గరుండి పీకించారు, గుర్తుందా?

ఫార్మా పిల్ల | ఏప్రిల్ 15, రాత్రి 10:50

యూవీని ఆపడానికి నలుపు అక్కర్లేదు. రంగులేని పారదర్శకమైన ఫిల్ములు కూడా ఆపుతాయి. అయితే ఏది వేయించినా వెలుతురు ఎంత శాతం లోపలికి రావాలో నిబంధన ఉంది, అది కనుక్కుని వేయించండి. లేదంటే పొడుగు చేతుల చొక్కా. ఖర్చు లేదు, చలానా లేదు.

రెడ్‌హిల్స్ సిస్టర్ | ఏప్రిల్ 16, ఉదయం 5:15

నైట్ డ్యూటీ దిగాను. నేను కాన్సర్ వార్డులో నర్సుని. ఇక్కడ అందరూ ముఖం గురించి మాట్లాడుతున్నారు. మా దగ్గరికి వచ్చే చర్మ కాన్సర్లలో సగం కథ ముఖం మీద ఉండదు.

చిన్నప్పుడు పొయ్యి మీద పడో, దీపం అంటుకునో కాలిన మచ్చ ఉంటుంది. ముప్పై, నలభై ఏళ్ళ తర్వాత ఆ మచ్చ మీదే పుండు లేస్తుంది. మానదు, వాసన వస్తుంది. కాలు మీద ఏళ్ళ తరబడి మానని పుండు ఒకరోజు అంచులు గట్టిపడి ఉబ్బుతుంది. వీళ్ళు ఆకు పసర్లు, పసుపు, కట్టు మీద కట్టు వేసుకుని ఆలస్యంగా వస్తారు. కొన్నిసార్లు కాలు తీసెయ్యాల్సి వస్తుంది. ఇంకోటి నడుము దగ్గర. లంగా బొందు ఎప్పుడూ ఒకేచోట బిగించి కట్టడం వల్ల నల్లగా ఒరుసుకుపోయి, పొలుసులు లేచి, పుండు పడి, అది కాన్సర్ అయినవాళ్ళు ఉన్నారు. పెద్దావిడలు సిగ్గుతో చూపించరు. అమ్మలకి, అమ్మమ్మలకి చెప్పండి. బొందు బదులు వెడల్పు పట్టీ వాడమనండి, లేదా వదులుగా, రోజుకో చోట కట్టుకోమనండి.

పాదం అడుగున నల్లమచ్చ పెరుగుతుంటే చెప్పు కరిచిందనో ముల్లు విరిగిందనో బ్లేడుతో గీకకండి.

చర్మం డాక్టరమ్మ | ఏప్రిల్ 16, మధ్యాహ్నం 2:40

సిస్టర్, ఇది రాసినందుకు చాలా థాంక్స్. నేను విడిగా రాస్తానన్నది ఇదే.

బొందు సంగతి కొత్తదేమీ కాదు. 1945లోనే బొంబాయిలో డాక్టర్ ఖనోల్కర్, సహచరురాలు కలిసి పంచె కట్టు దగ్గర వచ్చే కాన్సర్ గురించి రాశారు. కశ్మీర్‌లో చలికి కాంగ్డీ కుంపటి పొట్ట దగ్గర పెట్టుకునేవాళ్ళకి ఆ చోటే కాన్సర్ వస్తుంది. ఈ రెండింటిలోనూ సూర్యుడి తప్పేం లేదు.

మన రంగు వాళ్ళలో మెలనోమా వస్తే ఎక్కువగా అరికాలులో, అరచేతిలో, గోరు కింద వస్తుంది. దానికీ ఎండకీ పెద్దగా సంబంధం లేదు, సన్‌స్క్రీన్ ఆపదు. గాయకుడు బాబ్ మార్లీకి వచ్చింది కాలి బొటనవేలి గోరు కింద. 1977లో తెలిసింది, 1981లో చనిపోయారు, అప్పటికి 36 ఏళ్ళు. గోరు పొడుగునా కొత్తగా ఒక నల్లగీత వచ్చి, అది వెడల్పవుతూ గోరు మొదట్లో చర్మానికి కూడా నలుపు పాకితే వెంటనే చూపించాలి. చాలా గోళ్ళ మీద ఎప్పటినుంచో సన్నని గోధుమ గీతలుంటే కంగారు పడొద్దు, మన రంగు వాళ్ళలో అది మామూలే.

పుట్టుమచ్చల్లో చూడాల్సినవి: రెండు సగాలు ఒకేలా లేకపోవడం, అంచు వంకరటింకరగా ఉండటం, రెండు మూడు రంగులు కలిసి ఉండటం, 6 మిల్లీమీటర్లు దాటడం. వీటన్నిటికన్నా ముఖ్యం మార్పు. చిన్నప్పటి నుంచి అలాగే ఉన్న పెద్ద మచ్చ కన్నా, ఈ ఆర్నెల్లలో పెరుగుతున్న చిన్న మచ్చ నాకు ఎక్కువ టెన్షన్.

ఎండతో ముడిపడినవి ముక్కు, బుగ్గ, కింది పెదవి, చెవి, బట్టతల మీద వస్తాయి. మనలో బేసల్ సెల్ అనే రకం చర్మ కాన్సర్ తరచుగా నల్లగా, నిగనిగలాడుతూ ఉంటుంది కాబట్టి పుట్టుమచ్చ అనుకుని వదిలేస్తారు. గుర్తు ఒకటే: చెక్కు కడుతుంది, ఊడుతుంది, రక్తం వస్తుంది, మళ్ళీ చెక్కు కడుతుంది. నెల దాటినా మానని ఏ పుండునైనా చూపించండి. చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తారు, అంతే. తొందరగా వస్తే చాలావరకు కోసి తీసెయ్యడంతోనే అయిపోతుంది.

రెడ్‌హిల్స్ సిస్టర్ | ఏప్రిల్ 16, సాయంత్రం 5:30

ఖర్చుకి భయపడి ఆగేవాళ్ళ కోసం: రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ కాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆరోగ్యశ్రీలో కాన్సర్ చికిత్సలు ఉన్నాయి. పరిమితి 2023 డిసెంబర్‌లో పది లక్షలకి పెంచారు. రేషన్ కార్డు, ఆధార్ తెచ్చుకోండి.

మల్కాజ్‌గిరి మాస్టారు | ఏప్రిల్ 16, రాత్రి 8:00

మా బంధువుల్లో ఒక పాపకి రెండేళ్ళు నిండకముందే ముఖం నిండా గోధుమరంగు చుక్కలు. ఎండలోకి తీసుకెళ్తే కళ్ళు తెరవదు. తల్లిదండ్రులది మేనరికం. దిష్టి తీయించారు, తాయెత్తు కట్టించారు. డాక్టరుకి చూపించడం అవసరమంటారా?

చర్మం డాక్టరమ్మ | ఏప్రిల్ 16, రాత్రి 8:12

ఈ వారమే చూపించమనండి. జిరోడెర్మా పిగ్మెంటోసమ్ అనే అరుదైన జన్యు జబ్బు ఉంది. యూవీ వల్ల కణాల్లో జరిగే నష్టాన్ని వీళ్ళ శరీరం బాగుచేసుకోలేదు. చిన్నతనంలోనే చర్మ కాన్సర్లు వస్తాయి. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా లోపం అందితేనే వస్తుంది కాబట్టి మేనరికాల్లో ఎక్కువ చూస్తాం. పాపకి అదే అని నేను ఇక్కడ చెప్పను, చెప్పకూడదు. కానీ తేలేదాకా పాపని పగటి వెలుతురుకి దూరంగా ఉంచమనండి. కిటికీలకి మందపాటి కర్టెన్లు, బయటికి వెళ్ళాల్సి వస్తే నిండా బట్టలు, కళ్ళద్దాలు.

మల్కాజ్‌గిరి మాస్టారు | ఏప్రిల్ 16, రాత్రి 8:20

రేపే ఫోన్ చేస్తానమ్మా.

పింఛనుదారు | ఏప్రిల్ 17, ఉదయం 6:10

అన్నీ చదివాను. నా డి విటమిన్ ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఇంకో సంగతి, రక్తపోటుకి నేను వేసుకునే మాత్ర చీటీ మీద హైడ్రోక్లోరోథయజైడ్ అని ఉంది. ఎండ పడకపోవచ్చని మా మనవడు ఇంటర్నెట్‌లో చూసి చెప్పాడు. నా బట్టతల మీద గరుకుగా ఒక మచ్చ ఉంది, గోకితే పొలుసు ఊడుతుంది, మళ్ళీ వస్తుంది. చాన్నాళ్ళుగా ఉంది. ఊరికే అడుగుతున్నాను.

చర్మం డాక్టరమ్మ | ఏప్రిల్ 17, మధ్యాహ్నం 2:15

బాబాయ్ గారూ, ముందు విటమిన్. అది తయారయ్యేది యూవీ-బితోనే. కాబట్టి పొద్దున ఆరున్నర లేత ఎండలో నడిస్తే గుండెకి మంచిది గానీ విటమిన్ పెద్దగా రాదు. కిటికీ అద్దం వెనక కూర్చుంటే అసలే రాదు. మన రంగుకి తెల్లవాళ్ళ కన్నా ఎక్కువ సేపు కావాలి. ముఖం కప్పుకుని, చేతులు, కాళ్ళు కాసేపు ఎండకి చూపించండి, వారంలో కొన్ని రోజులు, చర్మం ఎర్రబడేంత సేపు వద్దు. సిటీలో లోపానికి అసలు కారణం సన్‌స్క్రీన్ కాదు. జనం ఫ్లాట్ నుంచి కారుకి, కారు నుంచి ఆఫీసుకి పోవడం. పరీక్షలో తక్కువుంటే మాత్ర వేసుకోవడం సులువు.

మాత్ర సంగతి: మీ మనవడు చెప్పింది నిజమే, అది కొందరికి ఎండ పడనివ్వదు. ఏళ్ళ తరబడి వాడిన వాళ్ళలో మెలనోమా కాని చర్మ కాన్సర్ల ముప్పు పెరిగిందని డెన్మార్క్‌లో చూశారు. అక్కడి వాళ్ళ చర్మం వేరు. మీ అంతట మీరు ఆపొద్దు, బీపీ పెరిగితే అది అంతకన్నా ప్రమాదం. మందు రాసిన డాక్టర్‌ని అడగండి. మొటిమలకిచ్చే డాక్సీసైక్లిన్ వేసుకునే పిల్లలకి కూడా ఇదే జాగ్రత్త.

మచ్చ సంగతి: మీ వయసులో ఎక్కువగా వచ్చేది మైనపు ముద్ద అంటించినట్టుండే హానిలేని గరుకు మచ్చ. కానీ బట్టతల మీద, ఏళ్ళుగా, ఊడి మళ్ళీ వస్తోంది అంటున్నారు. ఫోటో పెట్టొద్దు, వేలితో తడిమి చూడాలి. ఊరికే అడిగారు సరే, ఊరికే వెళ్ళి చూపించుకుని రండి.

పింఛనుదారు | ఏప్రిల్ 17, సాయంత్రం 5:00

నిమ్స్‌లో నాకు బీపీ చెకప్ ఎలాగూ ఉంది. అదే రోజు చర్మ విభాగంలో కూడా చీటీ తీసుకుంటాను. టోపీ మాత్రం పెట్టను, నాకు కండువా ఉంది.

గొంగడి | ఏప్రిల్ 17, సాయంత్రం 5:20

నాలుగు మడతలు వెయ్యండి పెద్దాయనా. పలచని తెల్ల నూలు బట్ట, అందులోనూ చెమటకి తడిస్తే, యూవీని బాగానే లోపలికి వదిలేస్తుంది. నేత దగ్గరగా ఉన్న ముదురు రంగు బట్ట మేలు. గొడుగు కొనేటప్పుడు కూడా వెలుతురుకి ఎత్తి చూడండి, కన్నాలు కనిపించే రకం వద్దు.

ఓఆర్ఆర్ డ్రైవర్ | ఏప్రిల్ 17, రాత్రి 9:15

కళ్ళ గురించి ఎవరూ అనలేదు. రోడ్డు పక్కన నూటయాభైకి కొన్న నల్లద్దాలు సరిపోతాయా?

ఫార్మా పిల్ల | ఏప్రిల్ 17, రాత్రి 9:25

నలుపు వేరు, యూవీ పూత వేరు. పూత లేని నల్లద్దం పెట్టుకుంటే చీకటికి కంటిపాప పెద్దదై, యూవీ ఇంకా ఎక్కువ లోపలికి పోతుంది. యూవీ 400 అని ఉన్నవి తీసుకోండి. అనుమానముంటే కళ్ళజోళ్ళ షాపులో చిన్న మీటర్ మీద పెట్టి చూపిస్తారు. శుక్లాలు రావడానికి ఎండ కూడా ఒక కారణమే.

బైక్ మీద బతుకు | ఏప్రిల్ 18, మధ్యాహ్నం 12:50

పార్కింగ్‌లో నీడ చూసుకుని రాస్తున్నా, డాక్టరమ్మా, నీడ పొట్టిగానే ఉంది. ఒక్కటే అడుగుతా. నా హెల్మెట్ వైజర్ తెల్లగా పారదర్శకంగా ఉంటుంది. అది దించుకుంటే ముఖానికి క్రీమ్ మానెయ్యొచ్చా?

ఫార్మా పిల్ల | ఏప్రిల్ 18, మధ్యాహ్నం 1:20

వైజర్ పాలీకార్బొనేట్ అయితే యూవీని చాలావరకు ఆపేస్తుంది, రంగు లేకపోయినా సరే. దించినంత సేపే సుమా. సిగ్నల్ దగ్గర ఉక్కపోసి ఎత్తేస్తావు కదా అన్నా, ఆ టైమే ఎక్కువ. ముక్కుకి, పెదవికి, చెవుల అంచుకి స్టిక్ రాయి. చేతి స్లీవ్స్ వేళ్ళని కప్పవు కాబట్టి వేళ్ళకి కూడా రాసుకో.

ఉప్పల్ సివిల్ | ఏప్రిల్ 22, రాత్రి 8:30

అప్‌డేట్. ప్యాచ్ టెస్ట్‌లో వయ్యారిభామకే పాజిటివ్ వచ్చింది. మందు రాసిచ్చారు, ఎండకి నిండు చేతులు, మెడ కప్పే గుడ్డ వాడమన్నారు. హెల్మెట్ వెనక తగిలించే మెడ తెర సేఫ్టీ స్టోర్లలో దొరుకుతుందని మా ఫోర్‌మన్ చెప్పాడు, కూలీలకి కూడా కలిపి తెప్పిస్తున్నాం. ప్లాట్లు శుభ్రం చేయించమని ఓనర్లకి రాశాను, ఇంకా జవాబు లేదు. అక్క ఇచ్చిన ట్యూబ్ నాన్న వాడుతున్నారు.